ఇంజనీరు చదువులో శాస్త్రమూ, సమాజమూ

ఇంజనీరింగు విద్యను గురించి మాట్లాడే అధికారం తెలుగు మాస్టరుకు ఎక్కణ్ణించి వచ్చిందని కొందరు మిత్రులు అడగవచ్చు. ప్రశ్న న్యాయమైనదే. కాని పాఠ్యప్రణాళిక కూడా ఒక రచనే. దానికీ రచయితలున్నారు. దానికీ వస్తువూ, నిర్మాణమూ వున్నాయి. అన్నిటికన్నా ముఖ్యంగా దాని వెనక ఒక దృక్పథం వున్నది. కావ్యాన్ని చదివి, "ఇది ఎవరి పక్షాన మాట్లాడుతున్నది?" అని అడగటం అభ్యుదయ విమర్శకు మొదటినించీ అలవాటు. ఆ ప్రశ్నే సిలబసును కూడా అడగటానికి మనం జంకవలసిన పనిలేదు. పైగా ఏటా మన ఇళ్ళనించి లక్షలాది పిల్లలు ఆ సిలబసులోకే నడిచిపోతున్నారు. మన కవితా సంపుటాలకు అంతమంది పాఠకులు ఎన్నడూ లేరు.

అఖిల భారత సాంకేతిక విద్యామండలి 2018లో ఇంజనీరింగు డిగ్రీకి ఒక ఆదర్శ పాఠ్యప్రణాళికను ప్రకటించింది. ఆ తరవాత శాఖలవారీగా సవరణలు వచ్చాయి. విశ్వవిద్యాలయాలు తమ మార్పులు తాము చేసుకున్నాయి. అయినా ఈ పత్రాన్ని ముందు పెట్టుకోవటం అవసరం. ఏ చదువుకు ఎంత విలువ అన్నది ఇందులో అంకెల్లో వున్నది. మొత్తం 160 క్రెడిట్లు. గణితం, భౌతిక, రసాయన శాస్త్రాలు మొదలైన మౌలిక శాస్త్రాలకు 25. మానవీయ, సామాజిక శాస్త్రాలకు 12. మేనేజిమెంటు కూడా ఆ పన్నెండులోనే సర్దుకోవాలి. తక్కినదంతా ఇంజనీరింగు విషయాలకూ, ఐచ్ఛికాలకూ, ప్రాజెక్టుకూ పోతుంది. చివర మరొక పట్టిక వుంది. అందులోవి తప్పనిసరిగా చదవాలి, కాని క్రెడిట్లు లేవు. పర్యావరణ శాస్త్రం, భారత రాజ్యాంగం, భారతీయ జ్ఞానసంప్రదాయ సారం - ఇవన్నీ ఆ పట్టికలోనే వున్నాయి.

భారత రాజ్యాంగం విలువ సున్నా. నేను ఎగతాళికి అంటున్న మాట కాదిది, పత్రంలో వున్న లెక్క. క్రెడిటు లేని పాఠం ఏ గంటలో పెడతారో, ఆ గంటలో విద్యార్థులు ఏ ల్యాబు రికార్డు రాసుకుంటూ వుంటారో ఏ ఇంజనీరింగు విద్యార్థినడిగినా చెబుతాడు. "తప్పనిసరి" అనే మాటకూ "సున్నా" అనే అంకెకూ మధ్య తగాదా వస్తే పరీక్షల రాజ్యంలో ఎప్పుడూ అంకే గెలుస్తుంది.

ఈ ప్రణాళికలో మంచి లేదనను. అంతకుముందున్న భారాన్ని అది తగ్గించింది. కాలేజీలో చేరిన పిల్లవాణ్ణి మొదటిరోజే డ్రాయింగు బల్లముందు కూలేయకుండా, పరిసరాలతో పరిచయం చేసే కార్యక్రమం పెట్టింది. మౌలిక శాస్త్రాలను పూర్తిగా తరిమివేయలేదు. నా అభ్యంతరం అంకెలు చిన్నవని మాత్రమే కాదు. పన్నెండును ఇరవైనాలుగు చేసినా నా అభ్యంతరం పోదు. ఈ విషయాలు ఇంజనీరుకు ఎందుకు కావాలి అన్న ప్రశ్నకు ప్రణాళిక చెప్పే సమాధానమే నాకు తప్పుగా కనిపిస్తున్నది. మౌలికశాస్త్రం దానికి మెట్టు; దాటిపోవటానికి పనికివస్తుంది. మానవీయశాస్త్రం దానికి పైపూత. ఇంటర్వ్యూలో మెరవటానికి పనికివస్తుంది. ఇంగ్లీషు మాట్లాడటం, బృందంలో మెలగటం, మేనేజిమెంటు అర్థం చేసుకోవటం - వీటినే మానవీయశాస్త్రం అనుకునే పరిస్థితి ఏర్పడింది.

ఇది ఒక్కరోజులో పుట్టిన పరిస్థితి కాదు. మన దేశంలో ఇంజనీరింగు చదువు పుట్టినచోటే దీని బీజం వుంది. మద్రాసులో 1794లో మొదలైన సర్వే పాఠశాల తరవాతి కాలంలో గిండీ ఇంజనీరింగు కాలేజీ అయింది. 1847లో రూర్కీలో కాలేజీ పెట్టినప్పుడు పక్కనే గంగా కాలవ తవ్వుతున్నారు. పాలకులకు భూమి కొలిచేవాళ్ళు కావాలి, కాలవ గట్టుమీద నిలబడి లెక్కలు రాసేవాళ్ళు కావాలి. కాలవ ఎక్కడికి పోవాలి, దాని నీటికి ఎంత పన్ను వేయాలి అన్నవి వాళ్ళు అడగవలసిన ప్రశ్నలు కావు. దొరలు ఆలోచిస్తారు, కింది ఉద్యోగి అమలు జరుపుతాడు. ఆ పని విభజనకు సరిపోయే చదువు అది.

గిండీ పాఠశాల పుట్టిన 1794లోనే పారిస్‌లో ఎకోల్ పాలిటెక్నిక్ పుట్టింది. అది విప్లవం కన్న సంస్థ. మోంజ్, లగ్రాంజ్ వంటి గణితవేత్తలు అక్కడ స్వయంగా పాఠాలు చెప్పారు. ఇంజనీరుకు ముందు గణితమూ, భౌతికమూ పునాదిగా వుండాలి, ఆ తరవాతనే వృత్తివిద్య అన్నది వారి ఏర్పాటు. ఆ సంస్థను కూడా ఆకాశానికెత్తవలసిన పనిలేదు. 1804లో నెపోలియన్ దాన్ని సైనిక పాఠశాలగా మార్చాడు. అయినా తేడా స్పష్టమే. ఒక దేశం తన ఇంజనీరును తయారుచేసుకున్నది. మరొక దేశంలో పరాయి ప్రభుత్వం తన ఓవర్సీరును తయారుచేసుకున్నది.

స్వాతంత్ర్యం వచ్చే ముందు ఈ సంగతి మనవాళ్ళు గుర్తించకపోలేదు. 1945లో ఏర్పడ్డ నళినీ రంజన్ సర్కార్ కమిటీ నాలుగు ఉన్నత సాంకేతిక సంస్థలు కావాలన్నది. 1951లో ఖరగ్‌పూర్ సంస్థ వెలిసింది. రాధాకృష్ణన్ అధ్యక్షతన 1948-49లో పనిచేసిన విశ్వవిద్యాలయ కమిషన్, ప్రత్యేక విద్యతోపాటు సామాన్యవిద్య కూడా విద్యార్థులందరికీ వుండాలని గట్టిగా చెప్పింది. దేశాన్ని కట్టేవాడికి దేశం తెలియాలన్న భావం ఆనాడు గాలిలో వున్నది. ఆనకట్టలు, ఉక్కు కర్మాగారాలు ప్రభుత్వమే కడుతున్న రోజులవి. 1990 తరవాత గాలి మారింది. ఇంజనీరు కట్టవలసింది దేశాన్ని కాదు, ఎక్కడో వున్న కంపెనీ పనిని ఇక్కడ కూర్చుని చవకగా చేసిపెట్టాలి. ఆ పనికి సివిలైనా, మెకానికలైనా ఒకటే. ఏ శాఖ చదివినవాణ్ణయినా తీసుకుని కొద్దినెలల్లో తన పనికి మలుచుకుంటుంది కంపెనీ. పునాది ఎంత లోతుగా వున్నదన్న ప్రశ్న మార్కెట్టుకు అవసరం లేకుండా పోయింది.

2008లో అప్పటి ఉమ్మడి రాష్ట్రంలో పెద్దఎత్తున వచ్చిన ఫీజుల చెల్లింపు పథకాన్ని చూసి ముఖం చిట్లించేవారిలో నేను లేను. దళితుల ఇళ్ళనించీ, చేనేత ఇళ్ళనించీ, కూలీల ఇళ్ళనించీ పిల్లలు ఇంజనీరింగు కాలేజీ గడప తొక్కారు. "అందరూ ఇంజనీర్లైతే ఎట్లా?" అని ఇప్పుడు నిట్టూర్చేవారు, తమ పిల్లలే ఇంజనీర్లైనంతకాలం ఆ ప్రశ్న వేయలేదు. కాబట్టి ఎవరు చదువుతున్నారన్నది నా ఫిర్యాదు కాదు. తొలితరం విద్యార్థి తలుపు తోసుకుని లోపలికి వచ్చిన రోజునే లోపల వున్న చదువు ఎందుకు పలచబడింది? నేను అడుగుతున్నది ఇదీ.

మొదట మౌలిక శాస్త్రాల సంగతి చూద్దాం. మన పిల్లవాడు రెండేళ్ళు ఎం.పి.సి. చదువుతాడు. ఎంసెట్ అని మొదలై ఇప్పుడు పేరు మార్చుకున్న ప్రవేశపరీక్షలో మూడు గంటల్లో 160 ప్రశ్నలకు జవాబు గుర్తించాలి. అంటే ప్రశ్నకు నిమిషం పైన కొన్ని సెకన్లు. ఆ వ్యవధిలో ఆలోచించినవాడు వెనకపడతాడు, గుర్తున్నవాడు ముందుకు పోతాడు. సూత్రం ఎట్లా వచ్చిందని అడగటం కాలం వృథా చేసుకోవటమే. ఇట్లా రెండేళ్ళు సాధన చేసి వచ్చినవాడికి, గణితం పాఠం మొదటి ఏడాదిలో వదిలించుకోవలసిన బరువుగా కనిపిస్తే ఆశ్చర్యమేముంది? 2021లో విద్యామండలి తన నిబంధనల్లో పధ్నాలుగు విషయాల జాబితా ఇచ్చి, ఇంటర్మీడియెట్‌లో వీటిలో ఏ మూడు చదివినా ప్రవేశానికి అర్హత వుంటుందన్నది. అలజడి చెలరేగాక, గణితం ప్రాముఖ్యం తగ్గలేదని వివరణ ఇచ్చుకున్నది. మౌలికశాస్త్రం పునాది కాదు, సర్దుబాటు చేసుకోదగ్గ వస్తువు అన్న భావం పాలకుల మనసులో ఎంతదూరం పోయిందో ఆ ఒక్క సంఘటన చెబుతున్నది.

సూత్రం తెలియటానికీ, శాస్త్రం తెలియటానికీ వున్న తేడాను అమెరికాలో కూలిన ఒక వంతెన చూపించింది. వాషింగ్టన్ రాష్ట్రంలో టకోమా జలసంధిమీద 1940 జూలై 1న ఒక వేలాడే వంతెనను ప్రారంభించారు. నడిమి భాగం పొడవు 2,800 అడుగులు. వెడల్పు 39 అడుగులు మాత్రమే. ఆనాటికి ప్రపంచంలో అటువంటి పెద్ద వంతెనల్లో అది మూడవది. నవంబరు 7న గంటకు నలభైమైళ్ళ గాలికి మెలికలు తిరిగి నీళ్ళలో పడిపోయింది. దానికి రూపం దిద్దిన లియాన్ మొయిసీఫ్ అనామకుడు కాదు, ఆ రంగంలో పేరుమోసినవాడు. గాలి నెట్టే బలాన్ని ఆయన లెక్కవేశాడు. అయితే గాలి బలాన్ని లెక్కవేయటం వేరు. కదిలే వంతెన తన కదలికవల్లనే గాలినించి మరింత శక్తి తీసుకుంటుందని గ్రహించటం వేరు. రెండవదానికి వాయుగతిశాస్త్రం కావాలి. అది అప్పటికి విమానాలవారి దగ్గర వున్నది, వంతెనలవారి దగ్గర లేదు.

ఈ కథలో రెండవ సగాన్ని సాధారణంగా ఎవరూ చెప్పరు. గాలికి వేలాడే వంతెన కూలటం అదే మొదలు కాదు. ఒహాయో నదిమీద వీలింగ్ దగ్గర కట్టిన వంతెన 1854లో గాలికే పడిపోయింది. ఆ అనుభవాలు తెలిసిన రోబ్లింగ్ వంటివారు బరువూ, బిగువూ ఎక్కువగా వుండే వంతెనలు కట్టారు. ఎనభై అయిదేళ్ళు గడిచేసరికి పాత ప్రమాదాలు ఇంజనీర్ల జ్ఞాపకంలోనించి జారిపోయాయి. సన్నగా, చవకగా కట్టటం నాగరికత అయింది. అంటే టకోమా వంతెనను కూల్చింది భౌతికశాస్త్రం తెలియకపోవటం మాత్రమే కాదు; చరిత్ర తెలియకపోవటం కూడా. మౌలికశాస్త్రమూ, మానవీయశాస్త్రమూ ఇంజనీరుకు రెండు వేరువేరు అలంకారాలు కావు. అవి చేసే పని ఒకటే. చేతిలో వున్న సూత్రం ఎక్కడ పనిచేయటం మానేస్తుందో అవి చెబుతాయి.

దూరదేశపు వంతెన అక్కర్లేదనుకునేవారు విశాఖపట్నం రండి. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురం దగ్గర ఎల్.జి. పాలిమర్స్ కర్మాగారంలో ట్యాంకునించి స్టైరీన్ ఆవిరి ఊరిమీద పడింది. పన్నెండుమంది చనిపోయారు. స్టైరీన్ అణువులు తమలో తాము గొలుసులుగా అతుక్కుంటాయి. అతుక్కునేటప్పుడు వేడి పుడుతుంది. ఆ వేడి ఆ చర్యను మరింత వేగిరపరుస్తుంది. అందుకే నిరోధక రసాయనం కలిపి, చల్లగా వుంచి నిలవచేస్తారు. నిరోధకం కాలంతో ఖర్చయిపోతుంది. ఇవి రసాయనశాస్త్రంలో ప్రాథమిక విషయాలు. రాష్ట్రప్రభుత్వం నియమించిన ఉన్నతస్థాయి కమిటీ ఆ ఏడు జూలైలో ఇచ్చిన నివేదికలో ఏమున్నది? నిరోధకం చాలినంత లేదు. ఉష్ణోగ్రతను ట్యాంకు అడుగునే కొలుస్తున్నారు. పైన ఎంత వేడి వున్నదో తెలిసే ఏర్పాటు లేదు. ప్రమాదం జరిగినప్పుడు సైరన్ మోగలేదు.

వీటిలో మొదటి రెండూ భౌతిక, రసాయన శాస్త్రాలకు సంబంధించినవి. సైరన్ సంగతి ఏ శాస్త్రం కిందికి వస్తుంది? గోడ అవతల మనుషులు నిద్రపోతున్నారని గుర్తుండటం ఏ సిలబసులో వుంది? ఆ కర్మాగారం 1961లో హిందుస్తాన్ పాలిమర్స్‌గా మొదలైంది. తరవాత చుట్టూ కాలనీలు పెరిగాయి. ఎవరు అక్కడ ఇల్లు కట్టుకున్నారు, ఎందుకు కట్టుకున్నారు, నగరంలో చవకైన నేల ఎప్పుడూ పొగగొట్టం పక్కనే ఎందుకు దొరుకుతుంది - ఇవి సమాజశాస్త్రం అడిగే ప్రశ్నలు. స్టైరీన్ ఆవిరి గాలికన్నా బరువు, నేలబారున పాకుతుంది అన్నది భౌతికశాస్త్రం. ఈ రెండు వాక్యాలనూ కలిపి చదవగలిగినవాడే నా దృష్టిలో ఇంజనీరు. కలిపి చదవటం నేర్పనప్పుడు, ప్రమాదాలకు కారణం కేవలం యజమానుల లాభాపేక్షే అని మనం చేతులు దులుపుకోలేం. లాభాపేక్ష వున్నది నిజమే. దానికి ఎదురుచెప్పగల జ్ఞానం ఉద్యోగికి లేకుండా చేయటం కూడా ఆ లాభాపేక్షకు సాయపడుతున్నది.

ఇక మన సాహిత్యకారుల సంగతి. సి.పి. స్నో 1959లో కేంబ్రిడ్జిలో "రెండు సంస్కృతులు" అన్న ఉపన్యాసం ఇచ్చినప్పటినించీ ఈ చర్చ వచ్చినచోటల్లా ఆయన పేరు వినబడుతున్నది. ఉష్ణగతిశాస్త్రపు రెండవ సూత్రం తెలియని సాహిత్యవేత్తలను ఆయన నిలదీశాడు. 1962లో లీవిస్ ఆయనమీద విరుచుకుపడ్డాడు. స్నో పేదదేశాల ఆకలిని గురించి మాట్లాడాడు, వాటికి శాస్త్రజ్ఞులూ ఇంజనీర్లూ కావాలన్నాడు. ఆ మేరకు ఆయన మనకు దగ్గరివాడే. అయితే ఆయన చూసిన చీలిక ఇద్దరు చదువుకున్న పెద్దమనుషుల మధ్య వున్న చీలిక. ఒకే భోజనశాలలో ఎదురెదురుగా కూర్చుని ఒకరితో ఒకరు మాట్లాడుకోలేని వారిది. అంతకన్నా పాత చీలిక తలపనికీ, చేతిపనికీ మధ్య వుంది. ఆ భోజనశాల గోడలు కట్టినవాడు ఆయన రెండు సంస్కృతుల్లో దేనిలోనూ లేడు.

మనవాళ్ళు ఇంకొక భ్రమలో వున్నారు. ఇంజనీరు నాలుగు పద్యాలు చదివితే, రెండు నవలలు చదివితే మనసు మెత్తబడుతుందని వీరి నమ్మకం. సాహిత్యం చదివిన అధికారులు కాల్పులకు ఉత్తరువులు ఇవ్వటం చరిత్రలో కొత్త కాదు. సాహిత్యాన్ని మందుమాత్రలాగా పంచితే అది కూడా మరొక "విలువల విద్య" అవుతుంది. సున్నా క్రెడిట్ల పట్టికలో మరొక వరస పెరుగుతుంది.

మన శిబిరంలోనే వున్న ఒక లోపాన్ని కూడా చెప్పుకోవాలి. 1931లో లండన్‌లో జరిగిన శాస్త్రచరిత్ర మహాసభలో సోవియట్ ప్రతినిధి బోరిస్ హెస్సెన్, న్యూటన్ గ్రంథం వెనక ఓడలు, గనులు, ఫిరంగులు అడిగిన ప్రశ్నలున్నాయని నిరూపించి ప్రపంచాన్ని ఆశ్చర్యపరిచాడు. శాస్త్రానికి సామాజిక మూలాలు చూపించిన ఆ మనిషిని ఆ దేశమే 1936లో కాల్చి చంపింది. అంతకుముందే, 1929లో, ప్యోతర్ పాల్చిన్‌స్కీ అనే గనుల ఇంజనీరును కాల్చివేశారు. ఈయన యువకుడుగా వున్నప్పుడే దోన్‌బాస్ గనికార్మికుల ఇళ్ళ దుస్థితిని పరిశీలించి అంకెలతో రాశాడు. బ్రహ్మాండమైన నిర్మాణాలు తలపెట్టే ముందు అక్కడి నేలను, పనివాడి బతుకును లెక్కలోకి తీసుకోమని జీవితాంతం వాదించాడు. ఆ తరవాత సోవియట్ ఇంజనీరు చదువు ఒక్కొక్క యంత్రభాగానికి ఒక్కొక్క నిపుణుణ్ణి తయారుచేసేటంత ఇరుకైపోయింది. కార్మికుల పేరు చెప్పే రాజ్యంలో కూడా, "ఎవరికోసం?" అని అడిగే ఇంజనీరు లేకపోతే ఏమవుతుందో మనం దాచిపెట్టుకుని లాభం లేదు. యంత్రాన్నీ, ఉక్కునూ కీర్తిస్తూ కవిత్వం రాసిన మనకు ఈ పాఠం మరీ అవసరం.

మన నేలమీదనే ఇటువంటి ఉదాహరణ వుంది. శ్రీశైలం ప్రాజెక్టు నీటిలో మునిగే కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయిరాయిగా విప్పి, అలంపురం తెచ్చి మళ్ళీ నిలబెట్టారు. అది మెచ్చుకోదగ్గ పనే. అందులో కొలత వుంది, ఓర్పు వుంది, పాతదానిమీద గౌరవం వుంది. ఆ ప్రాజెక్టు కిందనే 1981లో ఊళ్ళకు ఊళ్ళను బలవంతాన ఖాళీ చేయించారు. గుడి రాళ్ళను ఏది ఎక్కడ వుండేదో తెలిసేట్టుగా తరలించినవారికి, మనుషులను ఆ విధంగా తరలించటం చేతకాలేదు. ఎవరి పొలం ఏ కాలవకింద వుండేది, ఎవరి ఇల్లు ఎవరి పక్కన వుండేది, ఎవరి వృత్తి ఎవరిమీద ఆధారపడి వుండేది - ఇది కూడా ఒక నిర్మాణమే. దాన్ని చదివే విద్య ఇంజనీరుకు ఎవరూ నేర్పలేదు.

భారతీయ జ్ఞానసంప్రదాయం పేరుతో పెట్టిన పాఠంలో నాలుగు వేదాలు, ఆరు వేదాంగాలు, యోగం వున్నాయి. మన తెలంగాణాలో రామప్ప, పాకాల చెరువులు కాకతీయుల కాలంనించి నీళ్ళు పారిస్తున్నాయి. తూము ఎప్పుడు ఎత్తాలో, మత్తడి పోసేనాటికి కట్టమీద ఎక్కడ కాపలా వుండాలో, చివరి మడిదాకా నీరు ఎట్లా చేరుతుందో తెలిసినవాడు నీరటికాడు. ఆయనకు వేదాంగాలు రావు. వాటిని చదివే అర్హత కూడా పాత సమాజం ఆయనకివ్వలేదు. సంప్రదాయం కావాలనేవారు నీరటికాణ్ణీ, లస్కరునూ, మేస్త్రీనీ, కంసాలినీ ఎందుకు పిలవరు? పిలిస్తే కులం ప్రశ్న వస్తుంది. చేతిపని చేసేవాణ్ణి చదువుకు దూరంగా వుంచి, చదువుకున్నవాణ్ణి చేతిపనికి దూరంగా వుంచిన చరిత్ర బయటపడుతుంది. ఆ చరిత్రే అసలు మానవీయశాస్త్రం.

భాష సంగతి వేరే చెప్పాలా? మేస్త్రీతో, కూలీతో, రైతుతో ఇంజనీరు మాట్లాడవలసింది తెలుగులో. ఆయన చదువులో భాష అంటే ఇంగ్లీషు ఒక్కటే. మనకు సామగ్రి లేకపోలేదు. కొడవటిగంటి కుటుంబరావు భౌతికశాస్త్రం చదువుకున్నవాడు. ఆయన "చదువు" నవల, వ్యాసాలు ఒకే మెదడునించి వచ్చినవి. నండూరి రామమోహనరావు "విశ్వరూపం", "నరావతారం" రాశాడు. మహీధర నళినీమోహన్ శాస్త్రవిషయాలను పిల్లలకు కూడా అర్థమయ్యే తెలుగులో చెప్పాడు. స్నో వెతుకుతూ పోయిన కలయిక మన భాషలో ఏనాడో జరిగింది. దాన్ని ఇంజనీరింగు కాలేజీ గ్రంథాలయం గడప దాటించటం మాత్రం జరగలేదు.

కాబట్టి మనం అడగవలసినవి కొన్ని వున్నాయి. రాజ్యాంగం, పర్యావరణం సున్నా పట్టికలోనించి బయటికి రావాలి. మేనేజిమెంటును మానవీయశాస్త్రాల పన్నెండులోనించి వేరుచేయాలి. ప్రతి శాఖలోనూ ఆ శాఖ వైఫల్యాల చరిత్ర ఒక పూర్తి పాఠంగా వుండాలి. టకోమా, భోపాల్, వెంకటాపురం అందులో వుండాలి. ఒక సెమిస్టరులో విద్యార్థి ఒక చెరువుకింద, ఒక కర్మాగారం పక్క బస్తీలో, ఒక ముంపు కాలనీలో తిరిగి, అక్కడివారు చెప్పినదాన్ని తెలుగులో రాసి, కొలతలతో సహా నివేదిక ఇవ్వాలి. దానికి ప్రాజెక్టుతో సమానంగా మార్కులుండాలి. గణితం, భౌతికం నేర్పే అధ్యాపకుడికి శాశ్వత ఉద్యోగమూ, సరైన జీతమూ వుండాలి. గంటల లెక్కన కూలి ఇచ్చి పునాదులు తవ్వించటం ఏ ఇంజనీరూ ఒప్పుకోని పద్ధతి.

ఇవి జరిగితే మార్కెట్టుకు నచ్చదనే మిత్రులున్నారు. నచ్చకపోవచ్చు. ఎందుకు, ఎవరికోసం అని అడిగే ఉద్యోగి ఏ యజమానికీ సుఖమైనవాడు కాడు. కాని గోడ అవతల నిద్రపోయేవారికి ఆ ఉద్యోగి తప్ప మరొక కాపలా లేదు. తెలుగు పాఠం చెప్పే నాకూ, గణితం చెప్పే మిత్రుడికీ ఈ పోరాటంలో స్థానం వున్నది అందుకే.